పద్నాలుగు పాత వస్తువులు, రెండు నెలల మౌనం: ఒక అమ్మకం కేసు

పాత ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, కెమెరాలు పరీక్షించి, వాటిలోని డేటా తుడిచి, ఆన్‌లైన్ అమ్మకానికి సిద్ధం చేసిపెట్టడం నా పని. నా దగ్గరికి వచ్చే చాలామందిది ఒకటే కథ. ప్రకటన పెట్టారు, ఎవరూ కొనలేదు, ధర తగ్గించారు, అయినా కొనలేదు. ఈ కేసు కూడా అలాగే మొదలైంది. దీన్ని రాయడానికి కారణం వేరే ఉంది. మధ్యలో నేను ఒక తప్పు చేశాను. దాని ఖర్చు నా మీద కాకుండా అవతలి మనిషి మీద పడింది. మనుషులను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. వస్తువుల వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

ఈ కేసుతో నా దగ్గరికి వచ్చిన ఆమె ఉద్యోగం చేస్తారు. మూడు నెలల్లో ఒక పెద్ద ఖర్చు ఉంది. అప్పు చేయడం ఇష్టం లేదు. ఇంట్లో అల్మారా నిండా వాడని ఎలక్ట్రానిక్స్ ఉన్నాయి కాబట్టి అవి అమ్మితే గట్టెక్కవచ్చని అనుకున్నారు. నాలుగు ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక ట్యాబ్లెట్, రెండు లెన్సులతో ఒక డీఎస్ఎల్ఆర్, ఒక చిన్న డిజిటల్ కెమెరా, గేమ్ కన్సోల్, ఈ-రీడర్, రౌటర్, ప్రింటర్, బయటి హార్డ్ డిస్క్. మొత్తం పద్నాలుగు. ఇవి కాక ఏ ఛార్జర్ దేనిదో తెలియని వైర్ల డబ్బా ఒకటి.

నన్ను కలిసేసరికి ఆమె రెండు నెలలుగా సొంతంగా ప్రయత్నిస్తున్నారు. ఒక ఆదివారం కూర్చుని అన్నీ ఒకేసారి ప్రకటనలుగా పెట్టేశారు. ఒక్కోదానికి ఒకే ఫోటో, అది కూడా రాత్రి ట్యూబ్‌లైటు కింద తీసింది. కొన్న ధరలో సగం అమ్మకం ధర. వివరణ అన్నిటికీ ఒకటే: "బాగా పనిచేస్తుంది, అర్జెంటుగా అమ్మాలి."

నలభైకి పైగా మెసేజ్‌లు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం "చివరి ధర ఎంత?" అన్న ఒక్క ప్రశ్నే. ఒక ఆండ్రాయిడ్ ఫోన్ మాత్రం అమ్ముడుపోయింది. నాలుగు రోజులకు అదీ తిరిగొచ్చింది.

వచ్చిన సమస్య

ఆమె అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. "ఇంకా ఎంత తగ్గించమంటారండీ?"

ధర గురించి నేను వెంటనే మాట్లాడలేదు. ముందు తిరిగొచ్చిన ఫోన్ చేతికి ఇవ్వమన్నాను. నా అనుభవంలో వెనక్కి వచ్చిన వస్తువు చెప్పినంత నిజం అమ్ముడుపోని వస్తువు చెప్పదు. ఆన్ చేస్తే, ఇంతకుముందు ఈ ఫోన్‌లో ఉన్న గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వమని అడుగుతోంది. విషయం అర్థమైంది. ఆమె స్క్రీన్ లాక్ మర్చిపోయారు. పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి నొక్కి రికవరీ మెనూలోంచి రీసెట్ చేశారు. అంతా చెరిగిపోయిందనుకుని అమ్మేశారు. కానీ 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఇలాంటి రీసెట్ తర్వాత పాత ఖాతా వివరాలు అడిగే రక్షణ ఉంది. దొంగిలించిన ఫోన్ దొంగకు పనికిరాకుండా చేయడానికి పెట్టిన తాళం అది. నిజాయితీగా అమ్మినవాళ్లకూ, డబ్బిచ్చి కొన్నవాళ్లకూ అదే తాళం అడ్డుపడుతుంది. ఐఫోన్‌లో ఇలాంటిదే యాక్టివేషన్ లాక్. 2013లో ఐఓఎస్ 7తో వచ్చింది.

కొన్న మనిషి వైపు నుంచి చూడండి. డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకున్న ఫోన్ తెరవగానే, ఇది నీది కాదు అంటోంది. ఆ మనిషి తిట్టకుండా తిరిగిచ్చాడంటే మంచివాడనే చెప్పాలి.

అప్పుడు ఆమెతో అన్నాను: కొనేవాళ్లకు మీ ధర మీద అభ్యంతరం ఉందో లేదో ఇంకా మనకు తెలియదు. అక్కడిదాకా వాళ్లు రావడమే లేదు. ఇది దొంగ వస్తువా, లాక్ అయి ఉందా, రెండు రోజుల్లో ఆగిపోతుందా అన్న భయం దగ్గరే ఆగిపోతున్నారు. ఒక్క మసక ఫోటో, "అర్జెంట్" అన్న మాట ఆ భయాన్ని ఇంకా పెంచుతున్నాయి. ధర తగ్గిస్తే భయం తగ్గదు. మరీ చౌకగా కనబడితే అనుమానం పెరుగుతుంది కూడా.

అందుకని ఆ వారం ఏ ధరా ముట్టుకోలేదు. అన్ని ప్రకటనలూ తీయించేశాను. రెండు నెలలుగా పడి ఉన్న ప్రకటన చూసినవాళ్లు ఇందులో ఏదో లోపం ఉందనుకుంటారు. దాన్ని సరిదిద్దడం కన్నా కొత్తగా పెట్టడమే మంచిది.

మొదటి ప్రయత్నం, నా తప్పు

నా పద్ధతిలో మొదట అమ్మే మనిషికీ వస్తువుకూ మధ్య ఉన్న బంధాలు తెంపాలి. ఫోటోలు, ధర ఆ తర్వాతే. ఎందుకంటే ఆ బంధాలు చూసేటప్పుడే అసలు అమ్మడానికి వీలు లేనివి బయటపడతాయి. వాటికి ఫోటోలు తీసి, ధర వెతికి, మెసేజ్‌లకు జవాబులిచ్చి చివర్లో ఆగిపోతే ఆ శ్రమంతా వృథా.

మొదటి రోజు మూడు స్మార్ట్‌ఫోన్లు తీసుకున్నాం. ఫోటోలు, కాంటాక్టులు, చాట్‌లు బ్యాకప్ అయ్యాయని ఆమె చూసుకున్నారు. తిరిగొచ్చిన ఫోన్‌లో ఆమె ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగ్స్‌లో ఖాతా తీసేసి, అక్కడి నుంచే మళ్లీ రీసెట్ చేశాం. ఐఫోన్‌లో, పోయిన ఫోన్‌ను వెతికే 'ఫైండ్ మై' ఆపి, ఖాతా నుంచి బయటకొచ్చి, మొత్తం తుడిచేశాం. మూడోది ఏడేళ్ల కిందటి ఆండ్రాయిడ్. ఆమె వాడటం మానేసి చాలాకాలమైంది. "దీంట్లో ఏమీ లేదండీ" అన్నారు. నేను సరేనన్నాను. అదీ తుడిచేశాం.

ఆ రాత్రి పదకొండింటికి ఫోన్ చేశారు. ఆఫీసు ఈమెయిల్ తెరుచుకోవడం లేదు. రెండో దశ కోడ్ అడుగుతోంది. ఆ ఆరంకెల కోడ్ చూపించే యాప్ మూడో ఫోన్‌లో ఉంది. ఎప్పుడో పెట్టుకున్నారు. అప్పటి నుంచి కంప్యూటర్ గుర్తుంచుకోవడం వల్ల కోడ్ అవసరమే పడలేదు. అమ్మకానికి సిద్ధం చేస్తూ అదేరోజు ల్యాప్‌టాప్‌లోనూ లాగౌట్ అయ్యారు. రెండు తలుపులూ ఒకేసారి మూసుకున్నాయి.

ఆఫీసు ఖాతా మర్నాడే తిరిగొచ్చింది. అదే యాప్ కోడ్ అడిగే సొంత ఈమెయిల్ రావడానికి మాత్రం తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆమె పడ్డ టెన్షన్ నాకు తెలుసు. ఆ ఈమెయిల్ మీదే మిగతా ఖాతాలన్నీ ఆధారపడి ఉన్నాయి.

నా తప్పు ఎక్కడుందో నిజాయితీగా చెప్పాలి. "ఫోన్‌లో ఏముంది?" అని అడిగాను. మనిషి దానికి కంటికి కనబడేవి గుర్తు చేసుకుని జవాబు చెబుతారు. ఫోటోలు, నంబర్లు, మెసేజ్‌లు. నేను అడగాల్సింది, ఈ ఫోన్ లేకపోతే ఏం ఆగిపోతుంది అని. కోడ్‌లు చూపే యాప్ అనేది దాచుకున్న సమాచారం కాదు, తాళంచెవి. అలాంటి కొన్ని యాప్‌లు మామూలు బ్యాకప్‌తో పాటు రావు. వాటిని కొత్త ఫోన్‌లోకి విడిగా మార్చుకోవాలి.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. తుడవాల్సిన ప్రతి ఫోన్‌నూ ముందు పూర్తిగా స్విచ్ఛాఫ్ చేసి రెండు వారాలు పక్కన పెట్టిస్తాను. ఆ రెండు వారాల్లో ముఖ్యమైన ప్రతి ఖాతాలోంచి బయటకొచ్చి మళ్లీ లోపలికి వెళ్లమంటాను. రికవరీ కోడ్‌లు కాగితం మీద రాయించి దాచిస్తాను. ఏ ఇబ్బందీ రాకపోతేనే రీసెట్. పక్కన పెట్టేముందు ఛార్జింగ్ సగం దగ్గర ఉండేలా చూస్తాను. లిథియం బ్యాటరీని ఖాళీగా వదిలేసినా, నిండుగా వదిలేసినా త్వరగా పాడవుతుంది. రెండు వారాలు వేచి ఉండటం వల్ల ధర కొంచెం తగ్గవచ్చు. అయినా సరే.

అమ్మకూడదని తేలినవి

మిగిలిన వస్తువులు ఒక్కొక్కటే చూస్తూ పోతే జాబితా తగ్గుతూ వచ్చింది.

అన్నిటికన్నా బాధ కలిగించింది రెండో ల్యాప్‌టాప్. మూడేళ్ల కిందటిది. ఆమె లెక్కలో వచ్చే డబ్బులో మూడోవంతు దానిదే. దాన్ని తుడిచి, కొత్త యంత్రంలా మొదటి సెటప్ నడిపిస్తే స్క్రీన్ మీద ఆమె పాత కంపెనీ పేరు వచ్చింది. చాలా కంపెనీలు తమ యంత్రాలను ముందే ఆన్‌లైన్‌లో తమ పేరు మీద నమోదు చేసుకుంటాయి. డిస్క్ తుడిచినా ఆ నమోదు పోదు. ఇంటర్నెట్ తగిలిన వెంటనే యంత్రం తన యజమానిని గుర్తుపడుతుంది. ఉద్యోగం మానేటప్పుడు ఎవరూ అడగలేదని, కాబట్టి వదిలేశారని ఆమె అనుకున్నారు.

ఆ నమోదును దాటవేసే చిట్కాలు చాలామంది చెబుతారు. నేను ఆ పని చేయను. పరాయి వస్తువు అమ్మడం తప్పు, ఇక్కడ ఇంకో లెక్క కూడా ఉంది. కొన్నవాళ్లు ఎప్పుడో సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్న రోజున అదే స్క్రీన్ వస్తుంది. అప్పుడు దొంగ అన్న మాట పడేది ఆమె మీద. కంపెనీకి రాయమన్నాను. తమ పేరు తీసేసి వదిలేస్తారేమో అన్న చిన్న ఆశ ఉంది. వాళ్లు తిరిగి పంపమన్నారు. పంపించి, అందినట్టు రాతపూర్వకంగా తీసుకున్నాం. ఆ రోజు ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ట్యాబ్లెట్ వెనక భాగం కొంచెం ఉబ్బి, స్క్రీన్ అంచు పైకి లేచింది. ఆన్ అవుతుంది, పనిచేస్తుంది. "పనిచేస్తోంది కదా, తక్కువకైనా ఇచ్చేద్దాం" అన్నారు. ఒప్పుకోలేదు. లోపల బ్యాటరీ పాడై గ్యాస్ పుట్టడం వల్ల వచ్చే ఉబ్బు అది. నొక్కినా, గుచ్చుకున్నా, వేడెక్కినా అంటుకోవచ్చు. పాడైన లిథియం బ్యాటరీని మామూలు పార్సిల్‌లో పంపకూడదు. విమానంలో అయితే ఇంకా ప్రమాదం. ఛార్జింగ్ పెట్టకుండా, నొక్కకుండా, మండే వస్తువులకు దూరంగా ఉంచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటికి ఆమే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చారు. దాన్ని తుడవలేదు కదా అని అడిగితే మంచి ప్రశ్నే. ఛార్జింగ్ పెట్టకుండా, మిగిలి ఉన్న ఛార్జ్‌తోనే ఖాతా తీసేసి రీసెట్ చేశాం. అయిదు నిమిషాల పని.

రౌటర్ ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చినదని తేలింది, వాళ్లకే వెళ్లింది. ప్రింటర్ పార్సిల్ ఖర్చు దాని విలువను మించుతుంది. తెలిసినవాళ్లకు ఊరికే ఇచ్చేశారు. పాత బటన్ ఫోన్, ఏడేళ్ల ఆండ్రాయిడ్ రీసైక్లింగ్‌కు వెళ్లాయి. ఆ ఆండ్రాయిడ్‌కు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయి చాలాకాలమైంది. దాంతో బ్యాంకు పనులు చేసుకునేవాళ్లకు అమ్మడం నాకు సరిగా అనిపించలేదు. బయటి హార్డ్ డిస్క్ ఆమెనే ఉంచుకోమన్నాను. బ్యాకప్‌లు పెట్టుకోవడానికి ఎలాగూ ఒకటి కావాలి.

ఇన్ని పోతుంటే ఆమెకు కష్టంగానే ఉంది. రీసైక్లింగ్ అంటే పారేయడమే కదా అని కూడా అన్నారు. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పుట్టించింది. పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క ఉన్నది 22.3 శాతమే. ఆ కొద్ది వాటాలోకి మీవి చేరుతున్నాయి అని చెప్పాను. ఓదార్చడానికి చెప్పిన మాట కాదు, అల్మారాలో ఉబ్బుతున్న బ్యాటరీ కన్నా అది నిజంగానే మేలు.

పాత ల్యాప్‌టాప్ డిస్క్ సంగతి

మొదటి ల్యాప్‌టాప్ 2014 నాటిది. తిరిగే హార్డ్ డిస్క్ ఉంది. బ్యాంకు కాగితాల స్కాన్‌లు, గుర్తింపు పత్రాలు అన్నీ అందులోనే ఉండేవి. ఆమె ఫార్మాట్ చేసేశానన్నారు. ఎదురుగానే రికవరీ ప్రోగ్రామ్ నడిపాను. ఇరవై నిమిషాల్లో ఆమె సంతకం ఉన్న కాగితం స్క్రీన్ మీదికి వచ్చింది. మాటల్లో ఎంత చెప్పినా కలగని నమ్మకం అలా చూస్తే కలుగుతుంది. మామూలు క్విక్ ఫార్మాట్ పుస్తకంలో విషయసూచిక చింపినట్టు. పేజీలు అలాగే ఉంటాయి. ఎంఐటీ విద్యార్థులు సైమన్ గార్ఫింకెల్, అభి షెలట్ సెకండ్ హ్యాండ్‌లో 158 డిస్క్‌లు కొని పరిశీలించి 2003లో ఫలితాలు ప్రచురించారు. పనిచేసిన 129 డిస్క్‌లలో సరిగా తుడిచినవి పన్నెండే.

తిరిగే డిస్క్ అయితే మొత్తం మీద ఒక్కసారి సున్నాలు రాస్తే సాధారణంగా చాలు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో సవరించిన మార్గదర్శకం కూడా అదే చెప్పింది. ఏడుసార్లు, ముప్ఫై అయిదుసార్లు రాయాలన్నది పాతకాలపు మాట. ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని చిప్‌ల డిస్క్ అయితే లెక్క వేరు. అది ఎక్కడ రాయాలో తనే మార్చుకుంటూ ఉంటుంది. పైనుంచి ఎన్ని సున్నాలు రాసినా కొన్ని మూలలు మిగిలిపోవచ్చు. దానికి డిస్క్‌లోనే ఉన్న ఎరేజ్ ఆదేశం వాడాలి. ఇప్పటి ఫోన్ల సంగతి తేలిక. డేటా ఎప్పుడూ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళంచెవి లేకుండా చదవలేని రూపంలో ఉంటుంది. రీసెట్ చేయగానే దాని తాళంచెవి చెరిగిపోతుంది, మిగిలింది చదవడానికి వీలులేని గజిబిజి.

ఈ డిస్క్‌లో చెడిపోయిన సెక్టార్లు, అంటే డేటా రాసుకునే చిన్న భాగాలు చాలా ఉన్నాయి. అలాంటి భాగాలను డిస్క్ పక్కన పెట్టేస్తుంది, మామూలు రాత వాటిని చేరదు. కాబట్టి తుడిచి అమ్మడమా, తీసేసి అమ్మడమా అన్న ప్రశ్న వచ్చింది. డిస్క్ వల్ల పెరిగే ధర చాలా స్వల్పం. పోతే పోయేది ఆమె గుర్తింపు పత్రాలు. తీసేసి, లోపలి పళ్లేలు విరగ్గొట్టాం.

కొత్త ఎస్ఎస్‌డీ వేసి అమ్ముదామని నేనే అన్నాను మొదట. తర్వాత వెనక్కి తగ్గాను. ఆ యంత్రం విండోస్ 11కి అర్హత లేనిది, విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఎస్ఎస్‌డీకి పెట్టిన ఖర్చు ధరలో తిరిగి రాదు. ఉన్నది ఉన్నట్టు రాశాం: "డిస్క్ లేదు. విండోస్ 11 అధికారికంగా నడవదు. లినక్స్ వేసుకునేవాళ్లకు, విడిభాగాలకు పనికొస్తుంది. బ్యాటరీ నలభై నిమిషాలు వస్తుంది." మూడు రోజుల్లో పోయింది. కొన్న అబ్బాయి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగడానికి ఏమీ మిగలలేదు.

ధర మీద అసలైన చర్చ

ఐఫోన్ దగ్గర మా ఇద్దరికీ మాట కుదరలేదు. ఆమె మనసులో ఉన్న అంకె కొన్న ధర నుంచి పుట్టింది. నేను చూపించింది అదే మోడల్, అదే మెమరీ, అదే స్థితిలో ఉన్నవి నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో. జనం ఎంత అడుగుతున్నారో చూస్తే మోసపోతాం. అమ్ముడుపోక పడి ఉన్నవే ఎక్కువగా కంటికి కనబడతాయి. పూర్తయిన అమ్మకాల్లో మరీ ఎక్కువవీ మరీ తక్కువవీ వదిలేసి, మధ్యలో ఉన్న గుంపు చూడాలి. ఆమె అంకె ఆ గుంపు కన్నా దాదాపు సగం ఎక్కువగా ఉంది.

ఇది ఒక్క ఆమె తీరు కాదు. పరిశోధకులు కానెమన్, నెట్ష్, థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగంలో కాఫీ కప్పులు చేతికిచ్చిన వాళ్లు, అవి లేనివాళ్లు ఇవ్వజూపిన ధరకు సుమారు రెట్టింపు అడిగారు. కప్పు చేతికొచ్చి ఎంతోసేపు కాలేదు. మూడేళ్లు జేబులో తిరిగిన ఫోన్ అయితే చెప్పేదేముంది!

ఆమెను ఒకటే అడిగాను. "ఈ ఫోన్ మీ దగ్గర లేదు, మీరు అడుగుతున్న డబ్బు చేతిలో ఉంది అనుకోండి. ఆ డబ్బు పెట్టి ఈ ఫోన్ కొనుక్కుంటారా?" కాసేపు ఆలోచించి, "ఇంకొంచెం వేసి కొత్తది కొంటానేమో" అన్నారు. ఆ తర్వాత ధర గురించి వాదన జరగలేదు.

బ్యాటరీ ఆరోగ్యం 83 శాతం చూపిస్తోంది. కొత్త బ్యాటరీ వేసి అమ్మాలా? 2018లో వచ్చిన మోడళ్ల నుంచి ఐఫోన్‌లో అసలుది కాని బ్యాటరీ వేస్తే సెట్టింగ్స్‌లో ఆ మాట కనబడుతుంది. అది చూసిన కొనుగోలుదారు ఇంకేం మార్చారో అని అనుమానిస్తారు. అసలుది వేయిస్తే ఖర్చు ఎక్కువ. 83 అన్న అంకెను ఫోటో తీసి పెట్టడమే మేలనుకున్నాం.

ఏది ముందు అమ్మాలన్నది కూడా ఆలోచించాం. ఫోన్ల విలువ నెలనెలా పడిపోతుంది, కొత్త మోడల్ రాగానే ఇంకా పడుతుంది. లెన్సుల విలువ నిదానంగా తగ్గుతుంది. అందుకని ఫోన్లు, కన్సోల్ ముందు, కెమెరా సామాను తర్వాత.

పనిచేసినది

కొత్త ప్రకటనలకు పగటి వెలుతురులో, కిటికీ పక్కన ఫోటోలు తీశాం. ఒక్కోదానికి ఎనిమిది, తొమ్మిది. ముందు, వెనక, నాలుగు అంచులు, తెల్లటి పేజీ తెరిచిన స్క్రీన్, బ్యాటరీ పేజీ. గీత ఉన్నచోట పక్కన వేలు పెట్టి చూపించి మరీ తీశాం. ఆ గీత ఫోటో తీసేద్దామని ఆమె రెండుసార్లు అడిగారు. ఉంచమన్నాను. కొనేవాళ్లు ఎదురుపడ్డాక గీత చూస్తే బేరం అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది. ముందే చూసి వచ్చినవాళ్లు ఆ ధరకు సిద్ధపడే వస్తారు. వివరణ మొదటి వాక్యం "ఖాతా తీసేశాను, లాక్ లేదు, మీ ముందే ఆన్ చేసి చూపిస్తాను" అని రాశాం. "అర్జెంట్" తీసేశాం. ఆ మాట కొనేవాళ్లకన్నా ముందు మోసగాళ్లను పిలుస్తుంది.

ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, ఐఎంఈఐ నంబరు విషయంలో రెండు అవసరాలు ఢీకొంటాయి. ఆ పదిహేను అంకెలతో కొనేవాళ్లు ఫోన్ దొంగిలించినదేమో చూసుకోవచ్చు, అది వాళ్ల హక్కు. అందరికీ కనబడేలా పెడితే ఎవరైనా దుర్వినియోగం చేయవచ్చు. ప్రకటనలో దాచి, రావడానికి సమయం ఖాయం చేసుకున్నవాళ్లకు మాత్రం ఇచ్చాం.

డీఎస్ఎల్ఆర్ దగ్గర ఎక్కువ సమయం పెట్టాను, ఇష్టంగానే. లెన్సులో వెనక నుంచి టార్చి వేసి చూస్తే ఫంగస్ ఉంటే సాలెగూడులా కనబడుతుంది. రెండూ శుభ్రంగా ఉన్నాయి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో ఆ లెక్క తీసి రాశాం. కారు కొనేవాళ్లకు కిలోమీటర్లు ఎలాగో ఇది అలా. మెనూలో యజమాని పేరు రాసుకునే చోటు ఉంటుంది. చాలామందికి గుర్తుండదు. తీయకపోతే కొన్నవాళ్లు తీసే ప్రతి ఫోటోలో ఆమె పేరు నమోదవుతూ పోతుంది. అది చెరిపాం. రెండు కెమెరాల మెమరీ కార్డులూ ఆమె దగ్గరే ఉంచుకున్నారు. కార్డు ఫార్మాట్ చేసినా పాత ఫోటోలు తిరిగి రాబట్టవచ్చు. అంత చిన్న కార్డు కోసం ఇంటి ఫోటోలు పణంగా పెట్టక్కర్లేదు.

రెండు లెన్సులూ బాడీతో కలిపి అమ్మాలన్నది ఆమె మొదటి ఆలోచన. కెమెరాతో పాటు వచ్చిన మామూలు లెన్సు బాడీతోనే ఉంచి, విడిగా కొన్న 50 ఎంఎం లెన్సును వేరే ప్రకటనగా పెట్టించాను. ఆ లెన్సు కావాల్సినవాళ్ల దగ్గర బాడీ ఎలాగూ ఉంటుంది. కలిపి అమ్మితే దాని విలువ బేరంలో కలిసిపోతుంది. ఇది బాగా పనిచేసింది. లెన్సు రెండో రోజే, అడిగిన ధరకే వెళ్లింది.

మోసం దగ్గర ఒక్కసారి తృటిలో తప్పించుకున్నారు. కన్సోల్‌కు ఒకరు బేరం లేకుండా ఒప్పుకున్నారు. వేరే ఊళ్లో ఉన్నాను, కొరియర్ మనిషి వచ్చి తీసుకెళతాడు, ఈ లింకులో కార్డు వివరాలు పెడితే డబ్బు పడుతుంది అన్నారు. ఆమె కార్డు నంబరు సగం కొట్టి, ఆగి, నాకు ఫోన్ చేశారు. ఎందుకు ఆగారని అడిగాను. "అందరూ బేరమాడుతుంటే ఈయన ఆడలేదండీ" అన్నారు. నేను నేర్పిన ఏ జాగ్రత్త కన్నా ఆ గమనింపు గొప్పది. డబ్బు మన ఖాతాలోకి రావడానికి మనం ఓటీపీ గానీ, కార్డు వెనక ఉన్న అంకెలు గానీ ఇవ్వాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. డబ్బు పంపినట్టు చూపించే స్క్రీన్‌షాట్ డబ్బు కాదు. పొరపాటున ఎక్కువ పంపాను, తేడా తిరిగి ఇవ్వండి అన్నా సరే, మన ఖాతా మనమే తెరిచి చూసుకోవాలి.

పార్సిల్‌లో పంపినవాటికి సీరియల్ నంబరు కనబడేలా ప్యాకింగ్ మొత్తం వీడియో తీయించాను. మంచిది పంపితే, పాడైన ఇంకోటి తిప్పి పంపేవాళ్లుంటారు. ఈ కేసులో ఆ వీడియో అవసరం రాలేదు.

ఫలితం

పదకొండు వారాల్లో పద్నాలుగింటిలో ఏడు అమ్ముడయ్యాయి. రెండు ఫోన్లు, పాత ల్యాప్‌టాప్, డీఎస్ఎల్ఆర్ సెట్టు (విడిగా పోయిన లెన్సుతో కలిపి), చిన్న కెమెరా, కన్సోల్, ఈ-రీడర్. ఆమె మొదట వేసుకున్న అంచనాలో 45 శాతం చేతికొచ్చింది. అందులో అరవై శాతం ఐఫోన్, డీఎస్ఎల్ఆర్ సెట్టు నుంచే. అనుకున్న ఖర్చుకు కొంత తక్కువ పడింది. దాన్ని ఆమె వేరేగా సర్దుకున్నారు.

గంటల లెక్క కూడా రాయించాను. మొత్తం ముప్ఫై ఒక్క గంటలు, నా సమయం కాక. ఐఫోన్‌కు మూడు గంటలు పట్టింది. కన్సోల్‌కు వచ్చిపోయిన మెసేజ్‌లతో ఆరు. వైర్ల డబ్బాలోంచి ఏవైనా అమ్మవచ్చేమోనని ఒక సాయంత్రమంతా కూర్చున్నాం. అది నేను వద్దనాల్సింది. పనికొచ్చే రెండు ఛార్జర్లు ఆయా వస్తువులకు జత చేయడానికి తప్ప మిగతా సమయమంతా వృథా. ఇప్పుడు ఎవరు వచ్చినా, జాబితాలో విలువైన మూడు నాలుగు వస్తువులు ముందు పూర్తి చేయిస్తాను. ఆ తర్వాత ఓపిక, అవసరం మిగిలితేనే చిన్నవి.

అంచనాలో సగం కూడా రాలేదు కదా అని నిరాశపడ్డారా అని అడిగితే, కంపెనీ ల్యాప్‌టాప్ తీసేసి లెక్క వేసుకున్నానండీ, అప్పుడు తేడా అంత లేదు అన్నారు. నిజమే. మొదటి అంచనాలో ఆమెది కాని వస్తువు ఒకటి, ఎవరికీ అమ్మకూడని వస్తువు ఒకటి ఉన్నాయి.

చివరగా మిగిలిన ఈ-రీడర్‌ను ఆమె నా సాయం లేకుండా మొత్తం తనే చేసుకున్నారు. రెండు వారాలు ఆపి పెట్టారు, ఖాతాలోంచి పరికరం పేరు తీసేశారు, రీసెట్ చేశారు, ఫోటోలు తీసి పెట్టేముందు నాకు పంపారు. ఒక్కటే సవరణ చెప్పాను. కవర్ లోపలి జేబులో ఒక పాత పార్సిల్ చీటీ ఉంది, దాని మీద ఇంటి చిరునామా చదవడానికి వీలుగా కనబడుతోంది. చీటీ తీసేసి మళ్లీ ఫోటో తీశారు. ఆ వారాంతంలోనే అమ్ముడుపోయింది.